రొట్టె బటన్

నాగర్‌కర్నూల్,
6 జూలై 2003

బావా,

నమస్తే. ఫోన్ చేస్తే నువ్వు "ఊఁ" అంటవు, "సరే" అంటవు, పెట్టేస్తవు. బూతోనికి పైసలిచ్చి నీ ఊపిరి వినుడెందుకని ఉత్తరం రాస్తున్న. ఇందులనన్న నాలుగు మాటలు మాట్లాడు.

ఆషాఢం వచ్చింది. లగ్గాలు బంద్. ఆర్కెస్ట్రా వాళ్లంత ఊర్లకు పోయిండ్రు. రూంల నేను, నా డ్రమ్ మిషన్, ఇద్దరమే ఉన్నం. దాని మొకం చూస్తే నాకే జాలైతుంది. పోయిన నెల తిమ్మాజిపేటల లగ్గం. స్టేజి మీద తబలాకు బొట్టు పెట్టిండ్రు, డోలుకు దండేసిండ్రు. నా డబ్బా మీద పెళ్లికొడుకు మేనమామ టీ గ్లాసు పెట్టి, "ఏంది పిలగా, ఇది కరెంటు బిల్లు మిషనా?" అని అడిగిండు. మా క్యాసియో బాలన్న పడి పడి నవ్విండు. నేను ఒక బటన్ కొడితే డప్పు మోగింది. ఇగ గ్లాసు తీస్తడనుకున్న. తియ్యలె. "మోగుడైతే మంచిగ మోగుతుంది గనీ, నువ్వు ఉత్తగ గుండీలు నొక్కుతున్నవ్" అన్నడు.

అక్క నిరుడు దసరాకే చెప్పింది, యాదికుందా? మీ వంటింట్ల కూసొని జొన్న రొట్టె కొడుతుంటే ఆ మోత మిషన్ల ఎక్కిద్దామని నేను మైకు పట్టిన గద. గప్పుడు మిషన్‌ని చూసి, "బూడిద రంగు డబ్బ. బొట్టులేని మొకం లెక్క ఉంది. దీనికి ఒక చీరన్న కట్టురా" అన్నది. అందుకే ఈ ఆషాఢంల దాని అవతారం మార్చాలనుకున్న. పక్కలకు కొల్లాపూర్ మామిడి చెక్క. పైన బక్కయ్య పెయింటింగు. బటన్ల కింద రంగు దీపాలు, వనపర్తి రేడియో మెకానిక్ జలాలుద్దీన్ చిచ్చా పెడతనన్నడు. ముందట మాత్రం గద్వాల పట్టు అంచు ఉండాలె. బజార్ల దొరికే కొత్తది వద్దు. అక్క పెండ్లి చీర అంచు, ఎర్రది, కోటకొమ్మల నేతది. ఇస్తవా?

అక్క రొట్టె మోత ఇప్పుడు మా కాడ హిట్టు. పాట నడుమల ఆ బటన్ కొడితే ముసలోళ్లు గుడ లేచి ఎగురుతరు. తట్టి ఇడిస్తే ఒక్క దెబ్బ. వేలు తియ్యకుండ నొక్కిపెడితే రొట్టె మొత్తం వస్తది, గాజుల చప్పుడొస్తది, లాస్టుకు అక్క "చాలా, తమ్మీ?" అని అడుగుతది. దినాలప్పుడు నీకు వినిపించిన గద. అక్క గొంతు అంటూ మిగిలింది ఆ ఒక్క మాటే బావా.

యాళ్లకు తిను.

నీ బామ్మర్ది
కురుమూర్తి

*

గద్వాల,
15 జూలై 2003

కురుమూర్తికి,

ఉత్తరం అందింది. ఫోన్‌లో నాకు మాట రాదు. కోపం కాదు.

ఇక్కడ వాన లేదు. కాలేజీ తెరిచారు. ఇంటర్ పిల్లలకు కాకతీయుల పాఠం మొదలుపెట్టాను. ఇంట్లో రొట్టె నేర్చుకుంటున్నాను. అంచులు పగులుతున్నాయి. పెనం మీదికి చేరేలోపు సగం విరుగుతోంది. పక్కింటి సారమ్మ గోడ మీది నుంచి చూసి, "సారూ, పిండిని బుజ్జగించాలె. పాఠం చెప్పొద్దు" అంటుంది. ఎక్కువ రోజులు అన్నమే వండుకుంటున్నాను.

సాయంత్రాలు టేపురికార్డరు పెడుతున్నాను. అన్నీ పాత పాటలే. క్యాసెట్లు అరిగిపోయాయి. ఇష్టమైన పాట ఎన్నిసార్లు పెడితే అంత సన్నబడుతోంది.

మిషన్‌కు చెక్క, రంగు, దీపాలు నీ ఇష్టం. జలాలుద్దీన్ దాన్ని విప్పేటప్పుడు నువ్వు పక్కన ఉండు. రొట్టె బటన్ జోలికి మాత్రం ఎవరినీ పోనివ్వకు.

చీర సంగతి తర్వాత రాస్తాను. పెట్టె ఇంకా తెరవలేదు.

బావ,
వెంకట్రాములు

*

నాగర్‌కర్నూల్,
20 ఆగస్టు 2003

బావా,

నీ ఉత్తరం మూడు సార్లు చదివిన. మూడు సార్లకు గుడ చాయ్ చల్లారలె, గంత చిన్నగ ఉంది.

బటన్ కింద ఏముంటది బావా, ఉత్త రబ్బరు. మోత ఉండేది ఫ్లాపీల. కరెంటు తీస్తే మిషన్ అన్నీ మర్చిపోతది. మల్ల ఆన్ చేసి ఫ్లాపీ పెడితే అన్నీ యాదికొస్తయి. అక్క రొట్టె ఉన్న ఫ్లాపీని నేను అంగీ జేబుల పెట్టుకుని తిరుగుత. దానికి నకలుగ ఇంకో ఫ్లాపీ తీసిపెట్టాలె అని ఎప్పటికప్పుడు అనుకుంటనే ఉన్న.

చిచ్చా దుకాణంల నాలుగు రోజులు కూసున్న. మూత తెరిచి లోపలికి చూసి, "అరే బేటా, గింత పెద్ద డబ్బల మాల్ గింతేనా? మిగిలిందంత గాలి. మా సాలా తలకాయ లెక్క ఉంది" అన్నడు. ఒక్కొక్క బటన్ కింద దీపం పెట్టి వైర్లు అతికిచ్చిండు. బటన్ కొడితే దీపం వెలుగుతది. రొట్టె బటన్‌కు పసుప్పచ్చ పెట్టించిన. చిచ్చాతోటి ఏం పరేషాన్ లేదు. పరేషాన్ అంత బక్కయ్యతోటి. ఆయన లారీలకు రంగులేసేటోడు. "రెండు పువ్వులెయ్యి కాకా" అని చెప్పి చాయ్ తాగొచ్చేసరికి పైన నెమలి, పక్కకు సింహం, ఎనకకు "నన్ను చూసి ఏడ్వకురా" అని రాసిండు. "కాకా, ఇది బండి కాదు" అంటే, "స్టేజి మీద నిన్ను ఓవర్‌టేక్ చేసెటోళ్లు లేరా?" అంటడు. సింహాన్ని, రాతను తుడిపించిన. నెమలిని ఉంచిన, ఆయన మొకం చూసి.

ఇగ అసలు మాట. మొన్న శ్రావణంల మొదటి లగ్గం అయిజల దొరికింది. దీపాలతోటి మిషన్ అదే ఫస్టు. గేటు కాడ బావ నిలబడ్డడని బాలన్న చెప్తే సంబరపడ్డ. అవతారం చూడనీకి వచ్చినవనుకున్న. మైకుల పిలిచిన గుడ. రొట్టె బటన్ కొట్టంగనే నువ్వు ఎనకకు తిరిగి ఎల్లిపోయినవంట. బువ్వ తినలెవంట. మొకం మంచిగ లేదంట. మేము ఏం తప్పు చేసినం? అంచు అడిగినందుకా? ఇయ్యకున్న పర్వాలేదు బావా. మాట్లాడు.

కురుమూర్తి

*

గద్వాల,
29 ఆగస్టు 2003

కురుమూర్తికి,

అయిజలో పని ఉండి ఆగాను. ఆకలి లేదు. మీ తప్పు ఏమీ లేదు.

పెట్టె తెరిచాను. అంచు బాలన్న చేతికి ఇచ్చి పంపుతున్నాను. గద్వాల చీరలో నూలునూ పట్టునూ కలిపి నేస్తారు కనుక అంచును విప్పడం కుదరదు. కోయాలి. కోట దగ్గర మగ్గం నేసే ఆయన తాను కోసి ఇస్తానన్నాడు. వద్దని నేనే కోశాను. ఒకచోట కత్తెర పక్కకు పోయింది. ఆ ముక్కను లోపలికి మడుచుకో. మిగతా చీర పెట్టెలోనే ఉంది.

ఒక మాట. రొట్టె బటన్ ఇక పెళ్ళిళ్ళలో కొట్టవద్దు. కారణం అడగకు.

వినాయక చవితికి సారమ్మ కుడుములు పంపుతానంది. ఆమెకు మన ఇంట్లో డబ్బాలన్నీ తెలుసు. ఏది ఎక్కడుందో నేను ఆమెను అడుగుతున్నాను.

బావ,
వెంకట్రాములు

*

నాగర్‌కర్నూల్,
27 సెప్టెంబర్ 2003

బావా,

అంచు ముట్టింది. మడత ఇప్పంగనే కర్పూరం వాసనొచ్చింది.

మామిడి చెక్కకు సన్న మేకులు కొట్టి అంచును ముందటి తట్టు బిగించిన. నువ్వు చెప్పిన వంకర ముక్కను లోపలికి మలిచిన, ఎవ్వరికి కనపడదు. ఎంత సక్కగుందో చెప్పలేను. నెమలి, దీపాలు, కింద ఎర్ర పట్టు. వనపర్తిల వినాయకుని మంటపం కాడ పెట్టి వాయిస్తే ఆడోళ్లు వచ్చి అంచును పట్టి చూసిండ్రు. "అసలు గద్వాలదేనా?" అని అడిగిండ్రు. "మా అక్కది" అన్న. ఎవ్వరు టీ గ్లాసు పెట్టలె. అక్క చెప్పినట్టు చీర కట్టించిన బావా.

నువ్వు కారణం అడగొద్దన్నవు. నిన్ను అడగలె. మా చిన్నమ్మను అడిగిన. అయిజ గేటు సంగతి, బటన్ జోలికి పోవద్దన్న సంగతి, ఇప్పుడు కొట్టొద్దన్న సంగతి, అన్నీ చెప్పిన. "ఏడాది గుడ నిండలె. పోయినామె చేతి మోతకు లగ్గాలల్ల జనం ఎగురుతుంటే కట్టుకున్నోనికి కడుపు కాలదారా? ఆయన మర్యాదస్తుడు. నోరు తెరిచి చెప్పలేడు. మీరు ఆమెను పోనిస్తలేరు" అన్నది. నాకు సిగ్గయింది. ఇన్నాళ్లు నేను అక్కను పాటకో దెబ్బ కొట్టిన్నని అనిపించింది.

తుడిపేసుడైతే ఒక్క బటన్ పని. అక్క గొంతును గట్ల తుడిపేస్తరా? అందుకని పెద్దలకు బియ్యమిచ్చే పెత్తరమాస నాడు బీచుపల్లి పోయిన. తానం చేసిన. ఆంజనేయునికి కొబ్బరికాయ కొట్టి, ఫ్లాపీకి పసుపు రాసి బొట్టు పెట్టి, పసుపు దారంతోటి రాయి కట్టిన. పక్కన పిండాలు పెట్టించే అయ్యగారు, "ఇవేం అస్థికలు నాయినా?" అన్నడు. "మా అక్క గొంతు" అన్న. ఆయన తన తట్టలకెళ్లి రెండు పువ్వులు తీసిచ్చిండు. నడుములోతు పోయి కృష్ణల ఇడిసిన. ఆ బటన్‌ల ఇప్పుడు తబలా పెట్టిన. కొత్త ఫ్లాపీ.

పోయేటందుకు ముందు రూంల తలుపేసుకుని లాస్టుసారి నొక్కిపెట్టి విన్న. "చాలా, తమ్మీ?" అన్నది. "చాలక్కా" అని ఎనక ఎవ్వరో అన్నరు. చూస్తే అది మిషన్లకెళ్లి నా గొంతే. నిరుడు నేనే అన్న. ఇన్నాళ్లు యాదికి లేదు.

నీ మాట దక్కించిన బావా. ఇగ నీ పానం నిమ్మలమైతదనుకుంటున్న.

కురుమూర్తి

*

గద్వాల,
3 అక్టోబర్ 2003

కురుమూర్తికి,

ఉత్తరం అందింది.

అంచు బాగా కుదిరిందని రాశావు. సంతోషం. చిన్నమ్మ ఆరోగ్యం ఎలా ఉంది?

కాలేజీకి సెలవులు. వీధిలో బతుకమ్మ ఆడుతున్నారు. సారమ్మ సత్తుపిండి ఇచ్చింది. నిన్నటి రొట్టె విరగకుండా వచ్చింది. మాడింది.

బీచుపల్లి దగ్గర ఏటిలో ఇప్పుడు నీళ్ళు ఎంత ఉన్నాయి?

ఇంకో ఫ్లాపీ తీసి పెట్టాలనుకుంటున్నానని ఆగస్టులో రాశావు. తీశావా? తీయకపోతే ఫరవాలేదు.

బావ,
వెంకట్రాములు

*

గద్వాల బస్టాండు,
20 అక్టోబర్ 2003

బావా,

నీ ఉత్తరం సమజ్ కాలె. ఏట్ల నీళ్ల సంగతి బావకెందుకని బాలన్నకు చూపించిన. ఆయన చదివి కాగితం మడిచి నా జేబుల పెట్టిండు. "నువ్వు వాయించుడు తప్ప ఏం నేర్వలె. ఆయన గేటు కాడికి ఎందుకొస్తుండెనో ఇప్పుడన్న తెలిసిందా?" అన్నడు. గప్పుడు సమజైంది.

ఇంకో ఫ్లాపీ లేదు. తియ్యలె.

చిచ్చా దగ్గరికి ఉరికిన. మిషన్‌ల ఎక్కడన్న జరంత మిగిలిందేమో విప్పి చూడుమన్న. విప్పిండు. "బేటా, దీపం పోతే పెడత. వైరు తెగితే అతికిస్త. అది యాది మర్చింది. దానికి నా కాడ మందు లేదు" అన్నడు. పైసలు తీసుకోలె.

అయిజ లగ్గం వీడియో యాదికొచ్చింది. ఆ రోజు బటన్ కొట్టినప్పుడు కెమెరా నడుస్తుండె. పెళ్లికూతురోళ్లింటికి పోయి బతిమిలాడి క్యాసెట్ పెట్టిచ్చుకున్న. వాళ్లమ్మ చాయ్ పోసింది. నేను బటన్ కొడుతున్న, పసుప్పచ్చ దీపం వెలుగుతుంది, జనం ఎగురుతుండ్రు, గేటు కాడ నువ్వు గుడ కనపడుతున్నవు. మోత లేదు. వీడియో ఆయన మొత్తం సినిమా పాటలు అతికిచ్చిండు. అసలు క్యాసెట్ ఉందా అని ఆయన్ని అడిగితే, దాని మీద ఇంకో లగ్గం తీసిన్నన్నడు.

బీచుపల్లి పోయిన. పుట్టి నడిపే ఆయన్ని అడిగితే, "ఏం పోగొట్టుకున్నవ్?" అన్నడు. చెప్పిన. నవ్వుతడనుకున్న. నవ్వలె. నేను చూపించిన తావు అంత గడ పెట్టి తడిమిండు. "నీళ్లల్ల పడ్డది దొరుకుతది. నీళ్లకు ఇచ్చింది దొరకదు" అని ఒడ్డుకు దింపిండు. దొరికినా నానిపోయింది ఇగ పని చెయ్యదని చిచ్చా ముందుగాలనే చెప్పిండు. అయినా పోయిన.

మిషన్ పట్టుకుని గద్వాలకొచ్చిన. నువ్వు కాలేజీకి పోయినవు. నిజం చెప్పాల్నంటే, నువ్వు ఉండవని తెలిసిన యాళ్లకే వచ్చిన. సారమ్మ కాడ పెట్టి పోతున్న. మైకు గుడ ఉంది. సారమ్మ చేతి రొట్టె మోత తీసి ఆ బటన్‌ల పెడదామా? మీ వంటిల్లే, అక్క పీటనే. ఎట్ల నొక్కాల్నో చీటీ మీద రాసిపెట్టిన. వద్దంటే వద్దు.

నన్ను నాలుగు తిట్లు తిట్టు బావా. ఉత్తరం నిండ తిట్టు. "ఫరవాలేదు" అని మాత్రం రాయకు.

కురుమూర్తి

*

గద్వాల,
2 నవంబర్ 2003

కురుమూర్తికి,

మిషన్ చూశాను. బల్ల మీద పెట్టి చాలాసేపు చూశాను. అంచు సరిగ్గా కూర్చుంది. మూలల దగ్గర కోటకొమ్మలు తెగకుండా మలిచావు. మీ అక్క తిరుపతమ్మ చూస్తే నెమలికి కాళ్ళు పొట్టిగా ఉన్నాయనేది. ఉన్నాయి. దాన్ని అలాగే ఉండనీ.

నువ్వు రాసినట్టు సారమ్మను పిలిచాను. పీట వేశాను. మైకు నేను పట్టుకున్నాను. ఆమె, "నా మోత ఎవ్వరు వింటరు సారూ" అని నవ్వి, కొట్టడం మొదలుపెట్టింది. మంచి చెయ్యి. ఎక్కడా తప్పలేదు. మధ్యలో ఆపమన్నాను. మైకు తీసేశాను. ఉన్న పిండికి రొట్టెలు చేసి, కాల్చి, మూతపెట్టి వెళ్ళింది.

తిట్టమన్నావు. ఏమని తిట్టాలో తెలియలేదు. నువ్వు అడిగిన దానికి జవాబు మాత్రం రాస్తాను. వేసవిలో వనపర్తి పెళ్ళికి కూడా వచ్చాను. అది ఎవరి పెళ్ళో నాకు తెలియదు. అక్కడా గేటు దగ్గరే నిలబడ్డాను. ఆ బటన్ ఎప్పుడు కొడతావో అని నిలబడేవాణ్ణి. కొట్టాక వెళ్ళిపోయేవాణ్ణి. ఆ తర్వాత భోజనానికి కూర్చోవడం నావల్ల కాదు. అయిజలో గాజుల చప్పుడు నాకు వినపడలేదు. చుట్టూ గోల ఎక్కువగా ఉంది. అది గోల వల్లనని నేను అనుకోలేదు. ఫ్లాపీ అయినా క్యాసెట్ లాగే అరిగిపోతోందని అనుకున్నాను. పెళ్ళిళ్ళలో కొట్టవద్దన్నది అందుకే. దాచిపెడతావనుకున్నాను.

చిన్నమ్మను ఏమీ అనకు. ఆమె చెప్పింది పద్ధతే. ఆ అయ్యగారు పువ్వులు ఇచ్చాడని రాశావు. అది చదివినప్పుడు మంచివాడనిపించింది. మళ్ళీ ఏటిలో దిగకు. ఇప్పుడు నీళ్ళు చల్లగా ఉంటాయి.

కార్తీకంలో మీకు లగ్గాలు ఉంటాయి. మిషన్ లేకపోతే పని జరగదు. బాలన్న ఆదివారం వస్తానన్నాడు, అతనితో పంపుతున్నాను. అంచు మీద నీళ్ళు పడనివ్వకు. పట్టు రంగు దిగుతుంది.

ఆ బటన్‌లో తబలా తీసెయ్యి. వేరేది ఏదీ పెట్టకు. ఎలా తీయాలో నీ చీటీలో లేదు. నిన్న నొక్కితే తబలా మోగింది. కరెంటు తీసేశాను. కరెంటు లేకుండా నొక్కితే రబ్బరు మీద వేలి చప్పుడు వస్తోంది. కొంతసేపు అలా నొక్కాను. అది దేనిలాగానూ లేదు.

ఆమె "చాలా, తమ్మీ?" అని అడిగితే నువ్వు "చాలక్కా" అన్నావని రాశావు. దాని గురించి బాధపడకు. నీకు కావలసిన మోత దొరికింది, చాలన్నావు. ఆ రోజు నేను ముందు గదిలో పేపరు చదువుతున్నాను. నన్ను అడిగి ఉంటే ఇంకొకటి కొట్టమనేవాణ్ణి.

బావ,
వెంకట్రాములు